గుర్రం నోటికి తగిన కళ్ళెం



సవారీ నేర్పే ఏ మైదానానికి వెళ్ళినా ఒక ఫిర్యాదు వినబడుతుంది. "దీని నోరు మొద్దండీ, ఎంత లాగినా ఆగదు." ఆ వెంటనే ఒక సలహా కూడా వస్తుంది. "కాస్త గట్టి కళ్ళెం వెయ్యండి, దారికొస్తుంది." ఫిర్యాదూ తప్పే, సలహా కూడా తప్పే. ఆ సంగతి చెప్పడానికే ఇవాళ మీ ముందుకు వచ్చాను. మొద్దు నోటితో పుట్టిన గుర్రం లేదు. వీపు మీద ఈగ వాలితే అక్కడికక్కడ చర్మం అదిలించే జంతువు అది. నోట్లో ఇనుము లాగుతుంటే దానికి తెలియడం లేదని ఎలా అనుకుంటాం? తెలుస్తూనే ఉంటుంది, నొప్పిగా తెలుస్తుంది. నొప్పి పుడితే పారిపోవడం గుర్రం స్వభావం. అందుకే లాగినకొద్దీ పరిగెడుతుంది. మనం ఇంకా గట్టిగా లాగుతాం. అది ఇంకా పరిగెడుతుంది. చివరికి నోరు మొద్దని పేరు పడుతుంది.

కళ్ళెంలో తలకు తొడిగే తోలు పట్టీలుంటాయి, నోట్లో పెట్టే లోహపు కడ్డీ ఉంటుంది, ఆ కడ్డీ రెండు కొసల నుంచి రౌతు చేతిలోకి వచ్చే పగ్గాలుంటాయి. ఈ మూడింటిలో నేను చెప్పబోయేది నోట్లోని కడ్డీ గురించి. రైడింగ్ స్కూళ్ళలోనూ, రేసు గుర్రాల లాయాల్లోనూ దాన్ని బిట్ అంటారు. నేనూ అలాగే అంటాను.

బిట్ ఎంచుకోవాలంటే దుకాణానికి పోయే ముందు గుర్రం నోరు తెరిచి చూడాలి. మన దగ్గర గుర్రం కొనేటప్పుడు సుళ్ళు చూస్తారు. నుదుట ఏ సుడి ఉంది, మెడ మీద ఏ సుడి ఉంది, ఏది శుభం, ఏది కాదు అని లెక్కలు వేస్తారు. ఇది చాలా పాత అలవాటు. మన అశ్వశాస్త్రాల్లో ఇలాంటి లక్షణాల వర్ణన విస్తారంగా ఉంది. మనుమంచి భట్టు అయితే గుర్రాల లక్షణాల మీద హయలక్షణ విలాసమని తెలుగులో ఒక కావ్యమే రాశాడు. నోరు కూడా చూస్తారు గానీ అది వయసు తెలుసుకోవడానికి. ముందు పళ్ళ అరుగుదల చూసి ఇన్నేళ్ళని చెప్పి నోరు మూసేస్తారు. మనకు కావలసిన చోటు ఆ ముందు పళ్ళకు కాస్త వెనక ఉంది.

గుర్రానికి గడ్డి తెంపడానికి ముందు పళ్ళు పైన ఆరు, కింద ఆరు. నమలడానికి దవడ పళ్ళు బాగా లోపల ఉంటాయి. ఈ రెంటికీ మధ్య సుమారు బెత్తెడు మేర పళ్ళు ఉండవు, ఉత్త చిగుళ్ళే. మగ గుర్రాలకు నాలుగైదేళ్ళ వయసులో ఆ ఖాళీలో ముందు వైపున కోరపళ్ళు వస్తాయి. ఆడ గుర్రాల్లో చాలావాటికి రావు, వచ్చినా చిన్నగా ఉంటాయి. ఆ కోరపళ్ళకు వెనక, దవడ పళ్ళకు ముందు ఉన్న జాగాలో బిట్ కూర్చుంటుంది. మనిషి గుర్రాన్ని బిట్‌తో నడపగలిగాడంటే ఈ కొద్దిపాటి జాగా వల్లనే.

ఆ జాగా ఎంత సున్నితమో వేలితో తడిమి చూస్తే తెలుస్తుంది. కింది దవడ ఎముక అక్కడ సన్నబడి అంచుగా ఉంటుంది. దాని మీద చిగురు ఒక పలుచటి పొర, అంతే. కండ లేదు, కొవ్వు లేదు. పక్కనే పెదవికీ గడ్డానికీ స్పర్శ తెలిపే నరం ఎముకలోంచి బయటికి వస్తుంది. ఇక నాలుక. నోరు మూసుకుని ఉన్నప్పుడు గుర్రం నోట్లో ఖాళీ అంటూ దాదాపు ఉండదు, నాలుకే అంతా నిండి ఉంటుంది. హిలరీ క్లేటన్ అనే పశువైద్య శాస్త్రవేత్త 1980ల్లో నోట్లో బిట్ ఉన్న గుర్రాలకు ఎక్స్‌రే చిత్రాలు కదిలే బొమ్మలుగా తీయించి చూశారు. బిట్ ముందుగా నాలుకనే అదుముతోంది. గుర్రమేమో నాలుకను వెనక్కి లాక్కుంటుంది, ఉబ్బిస్తుంది, బిట్‌ను ఎత్తి దవడ పళ్ళ మధ్య పట్టుకోవాలని చూస్తుంది. బయటి నుంచి చూసే మనకు పెదవి చివర కాస్త నురుగు తప్ప ఏమీ కనిపించదు.

ఈ కనిపించకపోవడమే అసలు చిక్కు. ఫిన్లాండ్‌లో కొందరు పశువైద్యులు బండి పందెం ముగిసిన వెంటనే 261 గుర్రాల నోళ్ళు తెరిచి పరీక్షించారు. 2019లో ఆ వివరాలు ప్రచురించారు. నూటికి 84 గుర్రాలకు బిట్ ఆనే చోట తాజా దెబ్బలున్నాయి. కమిలిన మచ్చలు, గాట్లు, పుండ్లు. నోటి బయటికి రక్తం కనిపించినవి మాత్రం చాలా కొద్ది. రక్తం కారడం లేదు కాబట్టి అంతా బాగానే ఉందనుకునే వాళ్ళు ఈ లెక్కను గుర్తు పెట్టుకోవాలి. చిటికెన వేలు పెదవి మూల నుంచి లోపలికి జార్చి ఆ చిగురును తడిమి చూసుకోవడం జీను వేసే ప్రతివాడికీ అలవాటు కావాలి. సవారీకి ముందొకసారి, తర్వాత ఇంకోసారి.

ఇక పళ్ళు. కింది దవడతో పోలిస్తే గుర్రానికి పై దవడ వెడల్పు. అందుకని నమిలేకొద్దీ పై పళ్ళకు బయటి అంచూ, కింది పళ్ళకు లోపలి అంచూ పదునెక్కుతాయి. పగ్గం లాగినప్పుడు బుగ్గ ఆ పదును అంచుకు ఒరుసుకుని కోసుకుపోతుంది. ఆ గుర్రం ఒక పక్కకు బాగా తిరుగుతుంది, ఇంకో పక్కకు తిరగనంటుంది. తల విదిలిస్తుంది. ఎన్ని బిట్లు మార్చినా ఆ బుగ్గ మానదు. ఏడాదికొకసారి పశువైద్యుడు వచ్చి ఆ అంచులను ఆకురాయితో నునుపు చేస్తే మానుతుంది. ఇంకొకటుంది. కొన్ని గుర్రాలకు పై దవడ పళ్ళకు సరిగ్గా ముందు వుల్ఫ్ టూత్ అనే చిన్న పన్ను మొలుస్తుంది. నమలడానికి అది పనికిరాదు. బిట్ వెనక్కి జరిగినప్పుడల్లా దానికి తగిలి గుర్రం ఉలిక్కిపడుతుంది. చిన్న వయసులోనే వైద్యుడి చేత తీయించడం మంచిది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో, తిరుపతిలో, గన్నవరంలో పశువైద్య కళాశాలలున్నాయి. ఊరి డాక్టరుకు గుర్రాల పళ్ళతో పరిచయం లేకపోతే అక్కడ అడగవచ్చు. బిట్ ధర కంటే ముందు ఈ ఖర్చు పెట్టాలి. కొత్తగా గుర్రం కొన్నవాళ్ళకు నేను మొదట చెప్పేది ఇదే. చాలామందికి ఇది నచ్చదు. దుకాణంలో మెరిసే వస్తువు కొనుక్కోవడం తేలికగా ఉంటుంది.

సరే, నోరు బాగుంది, పళ్ళు బాగున్నాయి. ఇప్పుడు దుకాణంలోకి వెళ్దాం. గోడ నిండా బిట్లు వేలాడుతుంటాయి. చూస్తే తల తిరుగుతుంది. అన్నింటినీ రెండు కుటుంబాలుగా చూస్తే దారి దొరుకుతుంది.

మొదటిది స్నాఫిల్. నోటి కడ్డీ, రెండు కొసలా రెండు రింగులు, ఆ రింగులకే పగ్గాలు. చేతిలో ఎంత లాగితే నోట్లో అంతే. కడ్డీ మధ్యలో కీలు ఉందా లేదా అన్న దానితో సంబంధం లేదు, పగ్గం నేరుగా నోటి రింగుకే కట్టి ఉంటే అది స్నాఫిల్. రెండోది కర్బ్. ఇందులో కడ్డీకి రెండు పక్కలా నిలువు చువ్వలుంటాయి. చువ్వ పై కొస తలపట్టీకి, కింది కొస పగ్గానికి కట్టి ఉంటుంది. దవడ కింద ఒక గొలుసు. పగ్గం లాగితే చువ్వ తిరుగుతుంది, పలుగు అడుగున రాయి పెట్టి బండ లేపినట్టు బలం పెరుగుతుంది. కింది భాగం పై భాగానికి మూడు రెట్లుంటే, చేతిలో ఒక కిలో లాగుడు పై కొసలో మూడు కిలోలవుతుంది. అది నడినెత్తి మీదా, దవడ కింద గొలుసు దగ్గరా పడుతుంది. ఆ రెండు చోట్ల నుంచి వచ్చే బలమంతా కలిసి మధ్యలో ఉన్న నాలుక మీదికీ, చిగురు మీదికీ చేరుతుంది.

కర్బ్ చెడ్డదని నేను అనడం లేదు. చేతిని ఒంటి కదలికతో సంబంధం లేకుండా నిలకడగా ఉంచగలిగిన రౌతు, ఏళ్ళ తరబడి స్నాఫిల్‌లో శిక్షణ పొందిన గుర్రం, ఈ ఇద్దరి మధ్య కర్బ్ చాలా చిన్న సైగలకు పనికొస్తుంది. డ్రెసాజ్ అనే సవారీ పోటీల పై స్థాయిల్లో స్నాఫిల్‌నూ కర్బ్‌నూ కలిపి నోట్లో రెండు బిట్లు వేసే పద్ధతి అలా వచ్చిందే. అక్కడ కూడా హద్దులున్నాయి. అంతర్జాతీయ గుర్రపు సవారీ సమాఖ్య నియమాల ప్రకారం కర్బ్ చువ్వ కడ్డీకి కింద 10 సెంటీమీటర్లకు మించకూడదు. అంత శిక్షణ లేని చేతికి, పరిగెత్తే గుర్రాన్ని ఆపడానికని కర్బ్ ఇస్తే జరిగేది మాత్రం దెబ్బే. మైదానాల్లో చాలాసార్లు కర్బ్ ఇస్తున్నది అలా ఆపడానికే.

కాబట్టి నేర్చుకునేవాళ్ళకైనా, కుర్ర గుర్రానికైనా, వారానికి రెండు మూడు రోజులు సరదాగా సవారీ చేసే మనలాంటివాళ్ళకైనా స్నాఫిల్ చాలు. అందులో ఏది? ఇక్కడ కొంచెం వివరంగా చెప్పుకోవాలి. మధ్యలో ఒకటే కీలున్న బిట్ మన దగ్గర ఎక్కువ కనిపిస్తుంది. రెండు పగ్గాలూ ఒకేసారి లాగితే అది మడతపడి ముందుకు పొడుచుకొస్తుంది. నోటి కప్పు ఎత్తు తక్కువున్న గుర్రానికి ఆ కీలు అంగిలికి తగలవచ్చు, నాలుక రెండు పక్కలా నొక్కుకుపోవచ్చు. రెండు కీళ్ళుండి మధ్యలో నున్నటి గింజలాంటి ముక్క ఉన్న బిట్ నాలుక మీద పరుచుకుని కూర్చుంటుంది. చాలా గుర్రాలు దీన్ని ఇష్టపడతాయి. కానీ కొనేటప్పుడు ఒక జాగ్రత్త. ఇదే ఆకారంలో డాక్టర్ బ్రిస్టల్ అనే బిట్ ఉంది. దాని మధ్యముక్క బల్లపరుపు రేకు, కాస్త వాలుగా బిగించి ఉంటుంది. నోట్లో దాని అంచు నాలుకకు గుచ్చుకుంటుంది. రెండూ పక్కపక్కనే వేలాడుతుంటే తేడా తెలియదు. కంటితో కాదు, వేలితో తడిమి కొనండి.

కీళ్ళేవీ లేని వంపు కడ్డీ కూడా ఉంది, దాన్ని మల్లెన్ అంటారు. కదలని కడ్డీని ఇష్టపడే గుర్రాలకు అది హాయి. రింగుల సంగతికొస్తే, జారే రింగు కదులుతూ ఉంటుంది కాబట్టి బిట్ మీద బరువు వేసి వాలే గుర్రానికి ఆనడానికి ఆధారం దొరకదు. కదలని గుడ్డు ఆకారపు రింగు పెదవి మూలను గిల్లదు, నోట్లో నిలకడగా ఉంటుంది. నిలువు చువ్వలతో ఉండే ఫుల్‌చీక్ రకం, పక్కకు తిప్పడం నేర్చుకుంటున్న కుర్ర గుర్రానికి బుగ్గ మీద ఆని ఇటు తిరుగమని చెబుతుంది. చేత్తో పట్టి చూపించినంత స్పష్టంగా అర్థమవుతుంది దానికి.

లావు విషయంలో ఒక పాత నమ్మకం ఉంది, లావుగా ఉంటే మెత్తన, సన్నగా ఉంటే కఠినమని. సన్నటిది కఠినమే, ఒత్తిడంతా ఇరుకు గీత మీద పడుతుంది. డ్రెసాజ్‌లో గుర్రాలకు స్నాఫిల్ కనీసం 14 మిల్లీమీటర్ల లావుండాలని అంతర్జాతీయ నియమం. కానీ మరీ లావైనా మంచిది కాదు. ఇందాక చెప్పాను, నోట్లో ఖాళీ లేదని. అంత లావు ఇనుము ఎక్కడ పడుతుంది? ఫిన్లాండ్ పరిశోధకులే తర్వాత ఈవెంటింగ్ అనే సవారీ పోటీల గుర్రాలను పరీక్షించినప్పుడు మరీ సన్నవీ మరీ లావైనవీ వేసుకున్న గుర్రాలకు దెబ్బలు ఎక్కువగా, 14 నుంచి 17 మిల్లీమీటర్ల మధ్య ఉన్నవి వేసుకున్నవాటికి తక్కువగా కనిపించాయి. మధ్యరకం కొనండి.

కొలత తీసుకోవడం తేలిక. సన్నటి తాడుకు ఒక కొసన ముడి వెయ్యండి. ముడిని ఒక పక్క పెదవి మూలకు ఆనించి, తాడును బిట్ ఉండే చోట నోట్లోంచి తీసి, రెండో పక్క పెదవి అంచున గుర్తు పెట్టండి. గుర్రాన్ని చూసుకునే సైస్ దాని తల పట్టుకుంటే ఒక్క నిమిషం పని. జారే రింగుల బిట్ అయితే ఆ కొలతకు రెండు పక్కలా పావు అంగుళం చొప్పున కలపాలి, లేకపోతే రింగు రంధ్రంలో పెదవి చిక్కుకుంటుంది. కదలని రింగైతే దాదాపు అదే కొలత. మామూలు గుర్రానికి ఐదు అంగుళాలు, పోనీకి నాలుగున్నర, భారీ గుర్రానికి ఐదున్నర పడుతుంది. కానీ లాయంలో ఒకే బిట్‌ను అన్ని గుర్రాలకూ మార్చి మార్చి వేసే అలవాటు మన దగ్గర చాలా ఉంది. పెద్ద థరోబ్రెడ్ జాతి గుర్రానికి సరిపోయిన బిట్‌ను సన్నటి మూతి ఉన్న మార్వాడీ గుర్రానికి వేస్తే అది నోట్లో అటూ ఇటూ జారుతుంది, కీలు మధ్యలో ఉండదు, ఒక పక్క చిగురు మీదే భారం పడుతుంది. ఒక్కో గుర్రానికి ఒక్కో బిట్, పేరు రాసి వేలాడదీయాలి. ఇది ఖర్చు కాదు.

ఎత్తు కూడా చూడాలి. పెదవి మూలలో ఒకటి రెండు ముడతలు పడేంత ఎత్తులో బిట్ ఉంటే సరి. మరీ కిందికి ఉంటే కోరపళ్ళకు కొట్టుకుంటుంది, గుర్రం నాలుకను దాని మీదికి తీసి పైన పెట్టుకుంటుంది. ఆ అలవాటు పడితే మాన్పించడం చాలా కష్టం. మరీ పైకి బిగిస్తే గుర్రం ఎప్పుడూ నవ్వుతున్నట్టు కనిపిస్తుంది, అది నవ్వు కాదు. ముక్కుపట్టీ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. గుర్రం నోరు తెరుస్తోందని ముక్కుపట్టీని బిగించి కట్టేస్తారు. నోరు తెరవడం దాని ఫిర్యాదు. ఫిర్యాదు చేసే నోటిని కట్టేస్తే కారణం పోతుందా? ముక్కు ఎముక మీద, పట్టీ కింద రెండు వేళ్ళు సులువుగా దూరాలి.

ఇప్పుడు మన హైదరాబాద్ చుట్టుపక్కల ప్రత్యేకంగా ఎదురయ్యే సంగతికి వస్తాను. మలక్‌పేటలో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలోనే, 1886లో గుర్రప్పందేలు మొదలయ్యాయి. రేసుల్లో పరిగెత్తడం ముగిసిన థరోబ్రెడ్లు రైడింగ్ స్కూళ్ళకు వస్తాయి. అందమైన గుర్రాలు, తెలివైనవి, వయసు ఐదారేళ్ళే ఉంటుంది. నోరు మొద్దన్న నింద ఎక్కువగా పడేది వీటి మీదనే. కారణం ఏమిటంటే, రేసు గుర్రానికి నేర్పిన భాష వేరు. పరుగులో జాకీ పగ్గాలను దగ్గరగా పట్టి నిలదొక్కుకుంటాడు. గుర్రం ఆ బిట్ మీద వాలి, ఆ పట్టును ఆసరా చేసుకుని పరిగెత్తుతుంది. దానికి పగ్గం బిగుసుకోవడం అంటే వేగం పెంచమని. మన స్కూలు కుర్రవాడు భయపడి పగ్గం బిగిస్తాడు. గుర్రం చెప్పినట్టు విని వేగం పెంచుతుంది. అది తప్పు చేయలేదు. ఇంకా కఠినమైన బిట్ వేస్తే, నేర్చుకున్న పాఠం మీద నొప్పి కూడా తోడవుతుంది.

ఇలాంటి గుర్రానికి కావలసింది రెండు కీళ్ళ మెత్తటి స్నాఫిల్, కొన్ని నెలల ఓపిక. నేల మీద నిలబడి పొడవాటి తాడుతో చుట్టూ తిప్పుతూ, ఆగు అన్న మాటకు ఆగడం మొదట నేర్పాలి. తర్వాత రౌతు ఎక్కి, నడకలోనే, ఒంటిని నిటారుగా చేసి, ఊపిరి వదిలి, పగ్గాన్ని ఒక్క క్షణం పట్టి వెంటనే వదలాలి. వదలడమే పాఠం. ఆగగానే పట్టు సడలితే గుర్రానికి అర్థమవుతుంది. లాగుతూనే ఉంటే అది ఎప్పటికీ నేర్చుకోదు, ఎందుకంటే అది ఆగినా లాగుడు ఆగడం లేదు. నేను చూసిన మొద్దు నోళ్ళలో చాలావరకు ఇలా నెమ్మదిగా మెత్తబడ్డాయి. అందులో బిట్ పాత్ర కొంచెమే.

రౌతు చేతి సంగతి దాచడం న్యాయం కాదు. కొత్తగా ఎక్కినవాళ్ళు ట్రాట్ అనే జోరు నడకలో ఎగిరెగిరి పడుతుంటారు. పడిపోతామేమోనని పగ్గాలే పట్టుకుని వేలాడతారు. ప్రతి అడుగుకూ ఒక కుదుపు, ఆ కుదుపంతా చిగురు మీదికే. ఏ బిట్ వేసినా ఆ చేతిలో అది శిక్షే. అందుకని మొదటి పాఠాల్లో పగ్గాలు ఇవ్వకండి. గుర్రం మెడకు ఒక తోలు పట్టీ వేసి, భయం వేసినప్పుడు దాన్ని పట్టుకోమనండి. గురువు పొడవాటి తాడుతో గుర్రాన్ని తిప్పుతుంటే శిష్యుడు తుంటి నిలకడ నేర్చుకుంటాడు. చెయ్యి స్వతంత్రమయ్యాక పగ్గాలు. ఇలా నేర్పడానికి సమయం పడుతుంది, డబ్బు తక్కువ వస్తుంది. అయినా స్కూలు గుర్రం నోరు ఏళ్ళ తరబడి బాగుండాలంటే ఇంకో దారి లేదు.

ఇక నాకు అన్నింటికంటే బాధ కలిగించే వస్తువు గురించి. ముళ్ళ బిట్. నోటి పక్కల ఉండే బిళ్ళల లోపలి వైపు, కొన్నిసార్లు కడ్డీ మీద కూడా మేకుల్లాంటి మొనలు ఉంటాయి. జట్కా గుర్రాలకు, పెళ్ళి ఊరేగింపు గుర్రాలకు వేస్తారు. పగ్గం కదిలితే పెదవిలోకి, నాలుకలోకి దిగుతాయి. ఇది ఇవాళ్టి ఆవిష్కరణ కాదు. క్రీస్తు పూర్వం నాలుగో శతాబ్దంలో గ్రీకు సేనాని జెనోఫన్ సవారీ మీద ఒక పుస్తకం రాశాడు. రౌతు దగ్గర కనీసం రెండు బిట్లుండాలన్నాడు, ఒకటి నునుపుది, ఇంకొకటి ముళ్ళది. ముళ్ళదానితో నేర్పి, నునుపుదానికి మార్చాలని ఆయన ఆలోచన. జెనోఫన్ గుర్రాలను ప్రేమించినవాడు, బలవంతంతో అందం రాదని తెలిసినవాడు. అయినా ఈ ఒక్క విషయంలో ఆయనతో నేను ఏకీభవించలేను. ముళ్ళతో నేర్చుకున్న గుర్రం నునుపు బిట్‌ను కూడా భయంతోనే పట్టుకుంటుంది.

మన దేశంలో ఇది నేరం. 1965లో వచ్చిన లాగుడు, మోత పశువుల హింసా నివారణ నియమాల్లో ఎనిమిదో నియమం ముళ్ళున్న బిట్‌ను, పశువుకు గాయం చేసే పదునైన సరంజామాను వాడకూడదని స్పష్టంగా చెబుతుంది. అయినా బరాత్‌లో చూస్తూనే ఉంటాం. ఆ గుర్రాలు నడిపేవాళ్ళను తిట్టి లాభం లేదు. చెవి పక్కనే డప్పులు, బ్యాండు, నేల మీద టపాసులు, కళ్ళలోకి జనరేటర్ దీపాలు, చుట్టూ చిందులేసే వందమంది. గుర్రం బెదిరితే పిల్లలు కాళ్ళ కింద పడతారన్న భయం వాళ్ళది. ఆ భయం నిజమే. కానీ ముల్లు గుచ్చుకున్న గుర్రం ఇంకా బెదురుతుంది. పెళ్ళివారు చేయగలిగింది ఉంది. గుర్రాన్ని మాట్లాడుకునేటప్పుడే బిట్ తీయించి చూడండి. మొనలుంటే మార్చమనండి, ఒక మామూలు స్నాఫిల్ మీరే కొనిచ్చినా పెళ్ళి ఖర్చులో అది లెక్కలోకి రాదు. గుర్రానికి రెండు పక్కలా ఇద్దరు మనుషులు, తలకు విడిగా మోకు, చెవుల్లో దూది, టపాసులు దూరంగా. ఇవి ముళ్ళకంటే బాగా పనిచేస్తాయి.

బిట్టే లేకుండా నడపవచ్చు కదా అని కొందరు అడుగుతారు. నడపవచ్చు. ముక్కు మీద పట్టీతో, పక్క పగ్గాలతో నడిచే కళ్ళేలున్నాయి. అమెరికాలో రాబర్ట్ కుక్ అనే పశువైద్య ఆచార్యుడు బిట్ అసలు వద్దని ఏళ్ళ తరబడి వాదించారు. నోట్లో గాయమున్న గుర్రానికి, పళ్ళ చికిత్స జరిగిన గుర్రానికి, చెయ్యి కుదరని విద్యార్థికి ఇవి నిజంగా మంచివి. కానీ వీటిలోనే పొడవాటి లోహపు చువ్వలున్న హాకమోర్ అనే రకాన్ని మెత్తటిదనుకోకండి. అది కూడా కర్బ్‌లా బలాన్ని పెంచేదే. ముక్కు ఎముక మీద నొక్కుతుంది, కిందికి జారితే ఎముక అయిపోయి మెత్తటి భాగం మొదలయ్యే చోట ఊపిరికి అడ్డుపడుతుంది. ఎక్కడైనా ఎముకే, ఎక్కడైనా నరాలే.

కొత్త బిట్ వేశాక ఒక్కరోజులో తీర్పు చెప్పకండి. మొదట లాయంలోనే, పగ్గాలు లేకుండా, కాసేపు నోట్లో ఉంచి మెల్లగా నమలనివ్వండి. తర్వాత నడకలో చూడండి. మెడ సాగుతోందా, దవడ వదులుగా ఉందా, రెండు పక్కలకూ ఒకేలా తిరుగుతోందా? పళ్ళు కొరకడం, నాలుక పక్కకు వేలాడేయడం, తల ఆకాశానికి ఎత్తడం, గడ్డం రొమ్ముకు ఆనించడం కనిపిస్తే ఆపి మళ్ళీ నోరు చూడండి, జీను చూడండి, వీపు తడమండి. వీపు నొప్పి కూడా నోట్లో బయటపడుతుంది. కొనే ముందు బిట్‌ను మీ ముంజేతి ఎముక మీద ఆనించి, రెండు కొసలూ ఎవరినైనా లాగమనండి. ఎక్కడ కోసుకుంటుందో అప్పుడే తెలుస్తుంది. పైపూత పెచ్చులు ఊడే చవక రకాలు వద్దు, ఆ పెచ్చుల అంచు బ్లేడులా ఉంటుంది. మంచి స్టెయిన్‌లెస్ స్టీలు బిట్ జాగ్రత్తగా వాడితే గుర్రం ఉన్నన్నాళ్ళూ ఉంటుంది. వాడిన ప్రతిసారీ నీళ్ళతో కడగండి, ఎండిన నురుగు రంపంలా గీస్తుంది. మన మే నెల ఎండలో కళ్ళెం బయట వేలాడదీస్తే ఇనుము కాలుతుంది. నీళ్ళలో ముంచి, మీ చేతికి ఆనించి చూశాకే నోట్లో పెట్టండి.

తొడిగేటప్పుడు పళ్ళకు కొట్టి నోరు తెరిపించకండి. బొటనవేలు పెదవి మూల నుంచి ఆ పళ్ళు లేని జాగాలోకి పెడితే నోరు దానంతట అదే తెరుచుకుంటుంది. తీసేటప్పుడు ఇంకా ముఖ్యం. తలపట్టీని చెవుల మీదుగా జార్చి, గుర్రం తానుగా నోరు తెరిచి బిట్‌ను వదిలేదాకా ఆగండి. తొందరపడి గుంజితే కడ్డీ ముందు పళ్ళకు తగులుతుంది. మర్నాడు కళ్ళెం చూడగానే గుర్రం తల పైకెత్తి అందకుండా పోతే, ముందు రోజు కళ్ళెం ఎవరు ఎలా తీశారో సైస్‌ను అడిగి తెలుసుకోండి.